దీపం దగ్గర అయిదు బిస్కెట్లు

1993 డిసెంబర్ 4, శనివారం

ఆ ప్లేటు చూస్తే ఇంకా ఒళ్ళు మండుతోంది. కిచెన్‌లో పై అరలో బోర్లించి పెట్టాను. అయినా కంటికి అదే తగులుతుంది.

దీపావళికి చెల్లెలు డాలీ ఇంటికి పంపిన ప్లేటు అది. లడ్డూలు, జిలేబీ, మురుకులు పెట్టి, పైన గుడ్డ కట్టి పంపాను. గంట తిరక్కుండా వాళ్ళమ్మాయి తన్య వెనక్కి తెచ్చింది. గుడ్డ ముడి కూడా విప్పలేదు. థ్యాంక్యూ పెద్దమ్మా, దీపం కాడ పెట్టింది మేం తినకూడదంట, డాడీ చెప్పినాడు అంది ఆ పిల్ల నేల చూపులు చూస్తూ. పిల్లనేం అంటాను? తీసుకున్నాను. మిఠాయంతా పెరట్లో పిట్టలకు వేశాను.

రెండేళ్ళ కిందట డాలీ మొగుడు క్లారెన్స్ చర్చిలో చేరాడు. వెనకే చెల్లెలూ చేరింది. చేరితే చేరారు, ఎవరి నమ్మకం వాళ్ళది. కానీ అమ్మ మా ఇద్దరికీ ఒకే చేత్తో అన్నం పెట్టింది. ఇప్పుడు నా చేతి తిండి దానికి పనికిరాకుండా పోయిందా?

ఇదంతా తెలుగులో రాస్తున్నాను. ఇంట్లో నాకు తప్ప ఎవరికీ చదవడం రాదు. శనివారం క్లాసులో పిల్లలకు అ ఆలు నేర్పే టీచరుకు దక్కిన లాభం ఇదొక్కటే.

డిసెంబర్ 8

మా ఊరు ఇసిపింగో అంతటికీ క్రిస్మస్ పిచ్చి పట్టింది. హిందువులం, చర్చి వాళ్ళం అని తేడా లేదు. కర్టెన్లు ఉతకని ఇల్లు లేదు, సోఫా బయటికి లాగి దులపని ఇల్లు లేదు. మా ఆయన ఆదిశేషయ్య పనిచేసే పెయింట్ ఫ్యాక్టరీకి వచ్చేవారం సెలవులు. ఏటా లాగే డబ్బాలు మోసుకొచ్చాడు. ఈసారి పీచ్ కలర్ అట. పోయినేడాది ఆకుపచ్చ వేస్తే క్లినిక్‌లా ఉందని డాలీ ఏడిపించింది.

కేకుకు ఎండు ద్రాక్ష, చెర్రీలు నానబెట్టాను. అనాసపండు తొక్కలు వేసి జింజర్ బీర్‌కు పులియబెట్టాను. షాపుకెళ్తే జనం ఒకే ట్రాలీలో క్రిస్మస్ క్రాకర్లూ వేస్తున్నారు, కరెంటు పోతే ఉంటాయని కొవ్వొత్తుల కట్టలూ వేస్తున్నారు. ఏప్రిల్‌లో మొదటిసారి అన్ని రంగుల వాళ్ళకీ ఓట్లు కదా, ఏమవుతుందో ఏమో అని భయం. పక్కింటి నార్మన్ గరాజ్ నిండా బేక్డ్ బీన్స్ టిన్నులే. యుద్ధమొచ్చినా మేం తింటాం అక్కా అన్నాడు. తింటూనే ఉండు నాయనా అన్నాను.

పనికి మాత్రం చేతులు ఆడడం లేదు. ఊళ్ళో బేకరీ మూసేసేటప్పుడు నాన్న కొన్న పెద్ద అవన్ నా దగ్గరుంది. నా పెళ్ళయినప్పటి నుంచీ క్రిస్మస్ బిస్కెట్లు ఇద్దరం ఇక్కడే కలిసి చేశాం. లంచ్ కూడా అందరికీ మా ఇంట్లోనే. ఈసారి ఎవరికోసం చేస్తున్నాను?

డిసెంబర్ 11

డాలీ ఫోన్ చేయలేదు. నేనూ చేయను.

డిసెంబర్ 14

చేసింది!

నెల రోజులు మాట లేదా, ఎత్తగానే అక్కా, బిస్కెట్లు ఎప్పుడు చేసేది? అంది, నిన్న సాయంత్రం మాట్లాడి పెట్టేసినట్టు. క్రిస్మస్ పొద్దున సర్వీస్ అయ్యాక చర్చిలో టీ, దానికి బిస్కెట్లు తెచ్చే పని తనకిచ్చారట. తన ఇంటి అవన్‌లో అన్ని కావు. నేను ఊ అనేలోపే గొంతు తగ్గించింది. ఓన్లీ వన్ థింగ్ అక్కా, దీపం కాడ ఏం పెట్టద్దు, ప్లీజ్ మ్యాన్ అంది. క్లారెన్స్ ఒప్పుకోవడానికే వారం పట్టిందట. ఈసారి అట్టాంటిదేదన్నా అయితే లంచ్‌కే కాదు, ఇంకెప్పుడూ మీ గడప తొక్కనీయడు అక్కా, నాకు తెలుసు ఆయన సంగతి అంది.

కోపం వచ్చింది. నా ఇంట్లో నాకే షరతులా! నోటి దాకా వచ్చిన మాట మింగేసి శనివారం పొద్దున్నే రా అన్నాను. ఫోన్ పెట్టేశాక పై అరలోని ప్లేటు తీసి కడిగాను. ఎందుకు కడిగానో నాకే తెలీదు.

డిసెంబర్ 18, శనివారం, సాయంత్రం

కొంప మునిగింది.

వరసగా రాస్తాను, లేకపోతే బుర్ర తిరిగేలా ఉంది. డాలీ పొద్దున్నే వచ్చింది, వెన్న, పిండి, పంచదార అన్నీ తనే తెచ్చుకుని. దీపం గూడు ఉన్న గది తలుపు నేను ముందే వేసి ఉంచాను. అది ఒకసారి ఆ తలుపు వంక చూసి ఏప్రాన్ కట్టుకుంది. నేను పిండి కలుపుతుంటే అది ఫోర్కుతో గీతలు నొక్కింది. చెర్రీ ముక్కలు చాలకపోతే గిన్నెలోకి చూశాను. సగం ఖాళీ. దాని బుగ్గ ఉబ్బి ఉంది. చిన్నప్పటి నుంచీ ఇదే దొంగబుద్ధి! ఛీ దీని తల్లి కడుపు కాలా అని అమ్మను కూడా కలిపి తిట్టాను. అంతే, ఇద్దరికీ నవ్వు ఆగలేదు. కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వాం. తర్వాత అమ్మ కబుర్లు, తన్య పరీక్షలు, క్లారెన్స్ మోకాలి నొప్పి, ఒకటి కాదు.

ట్రేలన్నీ కిచెన్ బల్ల మీద ఆరబెట్టి, ముందు వరండాలో కూర్చుని అన్నం తిన్నాం. సాయంత్రం డబ్బాల్లోకి సర్ది కారులో పెట్టాం. వెళ్ళేటప్పుడు నన్ను గట్టిగా పట్టుకుంది. క్రిస్మస్‌కు వస్తాం అక్కా, బ్రెయానీలో ఆలూ ఎక్కువ వెయ్యి అంది.

కారు మలుపు తిరిగాక ఆ గది తలుపు తీశాను. దీపం వెలుగుతోంది. ముందు ఇత్తడి పళ్ళెంలో అయిదు బిస్కెట్లు, పక్కన పువ్వు.

మా ఆయన పని! మేం వరండాలో తింటుంటే రంగు వేసే నిచ్చెన దిగి, శనివారం కదా అని స్నానం చేసి దీపం పెట్టాడు. పెళ్ళయినప్పటి నుంచీ చూస్తున్నాను, కిచెన్‌లో కొత్తగా ఏది దించినా మొదటి వాయి నుంచి అయిదు దేవుడి దగ్గరికి పోవాల్సిందే. అలా పెడితే మొత్తం వాయి ప్రసాదమే. ఇది డాలీకి తెలియనిదా? మాకిద్దరికీ నేర్పింది ఒకే అమ్మ.

నాకెవురు చెప్పినారు అన్నాడు పెయింట్ చేతులు చూపించి. నిజమే. నేనే చెప్పలేదు. పొద్దున చెబుదామని పెరట్లోకి వెళ్ళాను. నిచ్చెన మీద ఉన్నాడు, తర్వాత చెబుదాంలే అని వచ్చేశాను. నిజంగా మరిచిపోయానా, నాలో ఎక్కడో ఆ ప్లేటు కోపం ఉండి మరిచిపోయానా?

డిసెంబర్ 19

ఇంట్లో పోట్లాట. చెప్పకు, బిస్కెట్లో ఏముంది, పిండి, వెన్న, పంచదార, ఎవరికి తెలుస్తుంది అంటాడు మా ఆయన. నాకు తెలుసుగా అన్నాను. చెప్తే నీ చెల్లెలు రాదు, అప్పుడు నాకాడ ఏడవబాక అని బ్రష్ తీసుకుని వెళ్ళిపోయాడు.

అదే కదా నా బాధ. చెప్తే డాలీ పోతుంది. చెప్పకపోతే క్రిస్మస్ రోజు నా ఎదురుగా కూర్చుని నవ్వుతుంది, నేను దాని మొహంలోకి చూడాలి.

డిసెంబర్ 20

కేకు కాల్చాను. అడుగు మాడింది. నా కేకు ఎప్పుడూ మాడదు.

ఒకప్పుడు మా వీధిలో వీరా పెళ్ళిలో బీఫ్ కలిపిన గరిటె మా కూరలో పెట్టారు. వీరా వాళ్ళమ్మకు తెలుసు. తెలిసి కూడా నవ్వుతూ వడ్డించింది. నెల పోయాక మార్కెట్‌లో ఇంకెవరో చెప్పారు నాకు. ఎన్నిసార్లు కడుక్కున్నానో నోరు! గరిటె సంగతి ఎప్పుడో మరిచిపోయాను. ఆవిడ నవ్వు మాత్రం ఇప్పటికీ క్షమించలేదు.

డాలీ దృష్టిలో నేను అలాంటి మనిషిని కాలేను. అది నమ్మేది నేను నమ్మను. కానీ అది నమ్ముతోంది.

డిసెంబర్ 21

ఫోన్ చేశాను. రింగయింది. పెట్టేశాను.

డిసెంబర్ 22, మధ్యాహ్నం

చెప్పేశాను.

ఉపోద్ఘాతాలు లేవు. డాలీ, మొదటి ట్రేలోంచి మీ బావ అయిదు తీసి దీపం దగ్గర పెట్టాడు, ఆయన తప్పు కాదు, నేనే చెప్పలేదు అన్నాను. అవతల టీవీ చప్పుడు, దాని ఊపిరి. డాలీ అన్నాను. వై డిడ్ యూ టెల్ మీ అక్కా అంది. ఏడుపు గొంతు. నాకు తెలీకుండా ఉంటే బాగుండేది కదా, ఇప్పుడు నేను ఆయనకు చెప్పాల అంది. ఫోన్ పెట్టేసింది.

బుద్ధి తక్కువదాన్ని. నా మనసు తేలిక చేసుకోవడానికి బరువంతా తీసి దాని నెత్తిన పెట్టాను. అయినా మళ్ళీ అవకాశం ఇస్తే మళ్ళీ చెప్తాను.

డిసెంబర్ 23

కబురు లేదు. అయినా పని ఆపలేదు. ఆపితే పిచ్చెక్కుతుంది. బ్రెయానీకి మసాలా వేయించాను, పప్పు ఏరాను, ట్రైఫిల్ పుడ్డింగ్‌కు కస్టర్డ్ కాచాను, గాజు గ్లాసులన్నీ దించి కడిగాను. కర్టెన్లు తగిలించాం. పీచ్ కలర్ గోడ నిజంగా బాగుంది. బాగుందని చెప్పడానికి నోరు రాలేదు, పాపం ఆయన మధ్యమధ్యలో నా మొహం చూస్తున్నాడు. బల్లకు ఎన్ని కుర్చీలు వేయను అని అడిగాడు. అన్నీ వెయ్యి అన్నాను.

డిసెంబర్ 24, సాయంత్రం

వచ్చారు. డాలీ ఒక్కతే కాదు, క్లారెన్స్ కూడా. కారులోంచి డబ్బాలన్నీ దించారు. మొహాన పారేసి పోవడానికి వచ్చారనుకున్నాను. డాలీ కళ్ళు వాచి ఉన్నాయి. క్లారెన్స్ ఇదివరకు వదినా అనేవాడు, చర్చిలో చేరాక సిస్టర్ అంటున్నాడు. సిస్టర్, మీ టేబుల్ కావాల అన్నాడు. చూపించాను.

డబ్బాల మూతలన్నీ తీసి బల్ల మీద పేర్చాడు. పారేద్దామంటే డాలీ ఒప్పుకోలేదట. అంత కష్టం అక్కా నేనూ కలిసి చేసింది, దేవుడి పేరు చెప్పి పారేస్తే నేను చర్చికే రానని అందట. డాలీ! మొగుడికి ఎదురు చెప్పడం దాని జన్మలో ఇదే మొదలు. అందుకని పాస్టర్‌ను అడిగితే, ఎక్కడ తప్పు జరిగిందో అక్కడే ప్రార్థన చేస్తే సరి అన్నాడట.

తప్పు! ఆ మాటకు నేను నోరు తెరవబోయాను. డాలీ నా చెయ్యి పట్టుకుని నొక్కింది. ఊరుకున్నాను.

క్లారెన్స్ డబ్బాల మీద చేతులు చాచి ఇంగ్లీషులో ప్రార్థన మొదలుపెట్టాడు. దేశం కోసం, ఓట్ల కోసం, గొడవల్లో రోడ్ల మీద చచ్చిపోతున్న వాళ్ళ కోసం, చివరికి బిస్కెట్ల కోసం. ఎంతకీ ఆమెన్ రాదే! దీపం గది తలుపు తీసే ఉంది. మా ఆయన పెరట్లోంచి వచ్చి, సంగతి చూసి, టోపీ తీసి నిలబడ్డాడు. తలుపు వెయ్యలేదు. క్లారెన్స్ వెయ్యమనలేదు.

ఆమెన్ అయ్యాక అడిగాను. క్లారెన్స్, ఇప్పుడివి చర్చికి పనికొస్తాయా? పనికొస్తాయి సిస్టర్. దీపం దగ్గర పెట్టిన వాయే కదా? అవును, ఇప్పుడు ప్రేయర్ అయింది కదా, క్లీన్. అయితే నా దీపావళి ప్లేటు చేసిన పాపమేంటి నాయనా? దాని మీదా చేతులు పెట్టి నాలుగు మాటలు చెప్పుకుని తింటే అయిపోయేది కదా! గుడ్డ ముడి కూడా విప్పకుండా పంపించారే! అరుస్తున్నానని నాకు తెలుసు. ఆగలేకపోయాను. నెల రోజుల ఏడుపు ఒక్కసారి బయటికొచ్చింది.

క్లారెన్స్ ఒక్కో డబ్బాకు మూత పెట్టాడు. పాస్టర్‌ని అడగాల సిస్టర్ అన్నాడు చివరికి. డాలీ ముక్కు తుడుచుకుంటూ, పాస్టర్‌కు షుగరు, ఆయనకేం తెలుసు లడ్డూ సంగతి అంది. మా ఆయన నవ్వాడు. క్లారెన్స్ నవ్వలేదు. డబ్బాలు మోసుకుని కారెక్కాడు.

రేపు లంచ్‌కు వస్తారా అని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

డిసెంబర్ 25

వచ్చారు. కుర్చీలన్నీ నిండాయి.

క్లారెన్స్ బ్రెయానీ రెండుసార్లు వడ్డించుకున్నాడు. బిస్కెట్లు చర్చిలో ఒక్కటి మిగల్లేదట, ఎవరు చేశారని అందరూ అడిగారట. నేనూ మా అక్కా అని చెప్పినా అంది డాలీ, అందరి ముందూ. తన్య గోడ చూసి పెద్దమ్మా, ప్రెట్టీ అంది. మా ఆయన మొహం వెలిగిపోయింది.

ప్లేటు మాటకు మాత్రం జవాబు రాలేదు. నేను మళ్ళీ అడగలేదు. వెళ్ళేటప్పుడు క్లారెన్స్ గేటు దగ్గర ఆగి, వస్తాం వదినా అన్నాడు. పాత అలవాటు కొద్దీ అన్నాడో, కావాలనే అన్నాడో.

1994 ఏప్రిల్ 27

ఓటు వేశాం. స్కూలు చుట్టూ తిరిగిన క్యూలో పొద్దుటి నుంచీ నేనూ డాలీ ఒకే గొడుగు కింద. లోకంలో ఉన్న కబుర్లన్నీ చెప్పుకున్నాం, దీపావళి తప్ప.

1994 దీపావళి, సాయంత్రం

అదే ప్లేటు. అదే గుడ్డ, అదే ముడి. పొద్దున్నే పంపాను.

గేటు చప్పుడైనప్పుడల్లా లేస్తున్నాను. పాలవాడు, నార్మన్, గాలి.

ప్లేటు ఇంకా వెనక్కి రాలేదు.