అక్క బొమ్మకు కూర్చున్న చెల్లెలు

హోసూరు, 1998, ఆదివారం

ఈరోజు బాగలూరు నుంచి చామంతి తోటల మునెమ్మ వచ్చింది. తనతో కవలగా పుట్టి, పెళ్ళీడులోనే చనిపోయిన అక్క బొమ్మను పెన్సిల్‌తో వేసిమ్మని అడిగింది. అక్క ఫోటో ఒక్కటీ లేదట.

"మేమిద్దరమూ ఒకే మాదిరి ఉంటిమప్పా. నన్ను చూసి అక్కను వెయ్యి. మంచం పట్టిన మా అమ్మ 'నా పెద్దబిడ్డ యాడ?' అని ఒకటే అడుగుతా ఉంది."

మధ్యాహ్నమంతా మునెమ్మ కదలకుండా కూర్చుంది. ఆమె కళ్ళ కింది ముడతలు వెయ్యకుండా వదిలేశాను. నెరిసిన జుట్టును నల్లగా దిద్దాను. బుగ్గల నీడను దూదితో మెత్తగా అద్దేసరికి కాగితం మీద ఇరవై ఏళ్ళ పిల్ల తేలింది.

"అక్కే!" అంటూ మునెమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

అక్కను తేవడానికి చెల్లెలి బతుకంతా చెరిపేశాననిపించింది. మనసు ఒప్పలేదు.

"వచ్చే వారం రామ్మా, నీ బొమ్మ కూడా వేసిస్తాను" అన్నాను.

"నాది ఎవురికి కావాలప్పా? నేను దినామూ అమ్మ కండ్లముందరే ఉండాను కదా!" అని నవ్వేసి, బొమ్మను గుండెకు హత్తుకుని బస్సుకు పోయింది.

ఆ నవ్వు నన్ను వదలడం లేదు. కొత్త కాగితం పరిచి, గుర్తున్నంతలో మునెమ్మ ముఖం మొదలుపెట్టాను. తీసుకుంటుందో, వద్దంటుందో…