కుందేళ్ళ దిబ్బ, మనవరాలి చెవులు

సర్రే సీమ, హాల్‌కోంబ్ గ్రామంలో కుందేళ్ళను పెంచి అమ్మే దిబ్బకు కౌలుదారుగా ఉండి కాలంచేసిన ఐజాక్ లింటాట్ భార్య బాత్షెబా లింటాట్ అను నేను, ఒళ్ళు సడలినా బుద్ధి సడలక, ఒకరి బెదిరింపూ బుజ్జగింపూ లేకుండా చెప్పి రాయించిన వీలునామా ఏమనగా: కిందటేడు దేశమంతటికీ మతి పోయింది, నాకు పోలేదు. ఇదే నా స్థిరచిత్తానికి రుజువు. నాకు అక్షరం రాదు. రాస్తున్నది చర్చి గుమాస్తా జోసయస్ వెల్లర్. అతను నా మాటల్ని మర్యాదగా దిద్దితే నాకు తెలియదనుకోవద్దు. ఇంకొకరితో చదివించుకుని వింటాను.

1. నా ఆత్మ దేవుడికి. నా శరీరం మా ఆయన పక్కన, చర్చి గోడకు ఎండ తగిలే వైపు. శరీరం గురించి ఇంకో ఆజ్ఞ ఉంది, చివర చెబుతాను.

2. గిల్డ్‌ఫోర్డులో మేజోళ్ళ వ్యాపారిని కట్టుకున్న నా కూతురు మెర్సీకి, నా పెద్ద రాగి కుండ. కిందటి చలికాలం వచ్చినప్పుడు పొయ్యి మీద కుందేలు ఉడుకుతుంటే ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకుంది. ఆ కుండలో వండినది తినే అది అంత మనిషయింది. తోముకున్నప్పుడల్లా జ్ఞాపకం రావాలి.

3. ఈ రోత ఎక్కడిదో తరవాత వాళ్ళకు తెలియాలి కనుక రాయిస్తున్నాను. మాకు దగ్గరి పట్నం గోడల్మింగ్‌లో ఒక ఆడది కుందేళ్ళను కన్నానంది. ఆ పేదరాలిని నేనేమీ అనను. ఆకలి ఏ పనైనా చేయిస్తుంది. నా అసహ్యమంతా నమ్మిన పెద్దమనుషుల మీద. లండన్ నుంచి పట్టు కోట్ల వైద్యులు బండ్లు కట్టుకుని వచ్చారు. చచ్చిన కుందేలు ముక్కల్ని భద్రంగా మోసుకుపోయి దొరలకు చూపించారు. కడుపుతో ఉన్నది కుందేలును చూసి ఆశపడితే పిండం కుందేలవుతుందని బల్లగుద్ది చెప్పారు. క్రిస్మస్ రాకముందే అదంతా మోసమని ఆమే ఒప్పుకుంది. సిగ్గుపడవలసింది వాళ్ళు, వెగటు పుట్టింది మాత్రం మా సరుకు మీద. సంతలో మా కుందేళ్ళు కొక్కేలకు వేలాడి కుళ్ళిపోయాయి. ఒక తాగుబోతు వచ్చి, "ఏం అవ్వా, వీటిని ఎవరు కన్నారు?" అన్నాడు. "మీ అమ్మ కాదులే నాయనా, వీటికి బుద్ధి ఉండేది" అన్నాను.

4. ఆ గోల సాగుతుండగా నా కోడలు జుడిత్ నిండు చూలాలు. రోజూ దిబ్బ మీద వలలు పన్ని, కుందేళ్ళ తోళ్ళు ఒలిచేది. నా కొడుకు ఏబెల్ వణికిపోయి దాన్ని గిల్డ్‌ఫోర్డుకు పొమ్మన్నాడు. అది కత్తి కింద పెట్టకుండా, "కుందేళ్ళను చూస్తే కుందేలు పుట్టేటట్టయితే, నేను రోజూ మీ అమ్మ మొహం చూస్తున్నాను. నాకు ముళ్ళపంది పుట్టాలి" అంది. నవ్వి నవ్వి నాకు దగ్గు తెర వచ్చింది. అప్పటిదాకా అది నా కొడుకు పెళ్ళాం. ఆ పూట నుంచి నా కోడలు.

జనవరిలో ఆడపిల్ల పుట్టింది, థామసిన్. రెండు చెవులూ డొప్పల్లా ముందుకు నిలిచి ఉన్నాయి. అంతే, కన్నతండ్రి వెనక్కి అడుగేశాడు. ఆ రాత్రి నుంచి పడక కొట్టంలో వేసుకున్నాడు. అమ్మలక్కలు రొట్టెలు తెచ్చే నెపంతో వచ్చి పాప టోపీ కింద తొంగి చూసిపోయారు. బాప్తిస్మం రోజున పాదిరి కూడా చూశాడు. ఇప్పుడు నా మనవరాలికి ఊళ్ళో పేరు 'కుందేలు పిల్ల'. నేను పోయాక అదే పేరు దానితో పెరిగి, పెళ్ళినాటికీ వెంట వస్తుంది. నాకు చావంటే భయం లేదు, ఆ పేరంటే ఉంది.

5. కనుక దిబ్బ కౌలు హక్కు, ఇల్లు, వలలు, ఉచ్చులు, కుక్కలు సమస్తమూ థామసిన్‌కు దఖలు పరుస్తున్నాను. జుడిత్ పేరనే రాద్దును, మొగుడున్న ఆడదానికిచ్చింది మొగుడి పాలవుతుందట, ఏం చట్టమో. పిల్లకు వయసు వచ్చేదాకా ఆస్తి, ఊళ్ళో పిండిమర నడిపే నథానియేల్ ఛట్‌ఫీల్డ్ చేతిలో ఉంటుంది, పెత్తనం జుడిత్‌ది. ఈ వీలునామా జరిపించే భారం కూడా అతనిదే.

6. రాస్తున్న జోసయస్‌కు కుందేలు బొచ్చు చేతితొడుగులు ఇద్దామనుకున్నాను. ఈ పూట భోజనం పెడితే పళ్ళెం చూసి, కడుపులో బాగాలేదన్నాడు. ఇవ్వడం లేదు. కలం ఆపకు జోసయస్, ఇదీ రాయి.

7. నా కొడుకు ఏబెల్‌కు వాళ్ళ నాన్న కోటు. దానితోపాటు ఒక షరతు. నా అంత్యక్రియల భోజనంలో కుందేలు పులుసే వండాలి. అందరి ఎదుటా గిన్నె ఖాళీ చేసి, కూతుర్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుంటే, ఇంట్లో ఉండి జుడిత్ కింద పని చేసుకోవచ్చు. లేదా కోటు వేసుకుని పోవచ్చు.

8. ఇక నా శరీరం సంగతి. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి టోపీ తీయలేదు. "చెవులు బయటపెట్టకే, ఎవడూ చేసుకోడు" అని మా అమ్మ కట్టింది. కన్నబిడ్డలకు కూడా చూపించలేదు. మా ఆయన ఒక్కడే చూశాడు. "గాలొస్తే ఎగిరిపోతావేమోనే" అని రెండు చేతులతో రెండు చెవులూ మూసి నవ్వేవాడు. ఈ మాట చెబుతూ ఇప్పుడే సాక్షుల ఎదుట టోపీ తీశాను. బతికున్న ముసలిదాన్ని చూస్తే ఈ ఊరు నవ్వుతుంది, శవం ముందు నవ్వలేదు. అందుకని నా శవానికి టోపీ పెట్టకూడదు. జుట్టు వెనక్కి దువ్వి, పెట్టె మూత తెరిచి ఉంచి, వీధి తలుపులు బార్లా తీయాలి. నా తల పక్కన జుడిత్ పాపను ఎత్తుకుని కూర్చోవాలి. పాపకూ టోపీ వద్దు. తొంగి చూసిన వాళ్ళందరినీ పేరుపేరునా పిలవండి. పాదిరిని ముందు నిలబెట్టండి. తీరిగ్గా చూసుకోమనండి. ఏబెల్ చూశాకే పెట్టె మూయాలి.

క్రీస్తు శకం 1727 మే నెల పదిహేడో తేదీన చదివించుకుని విని, దిద్దవలసింది లేదని గుర్తు పెట్టాను.

బాత్షెబా లింటాట్ గుర్తు: X

సాక్షులు:
జోసయస్ వెల్లర్, రాసినవాడు.
హంఫ్రీ టికెల్, కమ్మరి. చదివి వినిపించినవాడు.
ఆగ్నెస్ పడ్విక్, మంత్రసాని, గుర్తు: X. పాపను పట్టినదాన్ని నేనే. రెండు జతల చెవులూ చూశాను, ఒకటే అచ్చు.