కోడి లేని ఘటం

చిరంజీవి సింహాద్రికి,

అక్క దీవెనలు. ఫోన్లో నువ్వు గట్టిగా మాట్లాడితే నాకు మాట తోచదు. అందుకే ఈ ఉత్తరం.

"ఏటక్కా, ఇంట్లో మూడు కోళ్లెట్టుకుని అమ్మోరి పండక్కి ఒట్టి చేతుల్తో వస్తావా? నువ్వు తేకపోతే మనిషినంపి పట్టించీస్తాను" అన్నావు. అవి పండక్కి పెంచినవి కావురా. ఖిదిర్‌పూర్ మలుపులో ఫారం కోళ్ల వ్యాన్ మీంచి బుట్ట పడితే, "చచ్చేవే దీదీ, కావాలంటే పట్టుకుపో" అని డ్రైవరు వదిలేసినవి. ఒంటి బరువుకి వాటి కాళ్లు నిలవవు. రోజూ పూజయ్యాక గోరువెచ్చని నీళ్లతో కాళ్లు తుడిచి, పట్టుకుని నిలబెడతాను. నిన్న ఒకటి గిన్నెదాకా తనంతట తానే నడిచింది.

కోసేముందు పసుపునీళ్లు చల్లితే కోడి ఒళ్లు విదిలిస్తుందనీ, అదే దాని ఒప్పుదలనీ అమ్మ చెప్పేది. ముప్ఫై ఏళ్లుగా ఆ నీళ్లు చల్లింది నేనే. తడిస్తే ఎవరైనా విదిలించుకుంటారు. అది ఒప్పుకోవడం కాదు.

ఆదివారం మధ్యాహ్నం పసుపు, కుంకుమ, చలివిడి పట్టుకుని వస్తాను. కోడి లేకుండా నన్ను ఘటం ముట్టుకోనివ్వమని మన వాట్‌గంజ్ పెద్దలంటే, ఈ ఏడు నీ భార్య చేత ఎత్తించు. నేను వెనకాల నడుస్తాను. అమ్మవారికి నేను చెప్పుకున్నాను.

ఆదివారం పొద్దున్న మాత్రం కోళ్ల కోసం మనిషిని పంపకు. ఆ రోజు నా జపం గుమ్మానికి అడ్డంగా కూర్చునే చేసుకుంటాను.

నీ మేలు కోరే
పెద్దక్క