మస్తాన్‌బీ పలక

మద్రాసు,
శుక్రవారం.

పూజ్యులైన నాన్నగారి పాదాలకు మొక్కి సాంబశివం రాసుకొనే విన్నపం. నేనిక్కడ కులాసాగానే ఉన్నాను. మీ దగ్గు ఎలా ఉంది? అమ్మ మోకాళ్లు తగ్గాయని రాశారు. తగ్గకపోయినా ఆమె అలాగే రాయమంటుంది గనుక నాకు నమ్మకం లేదు.

బడిలో పని బాగానే ఉంది. ఉక్కతోనే చస్తున్నాను. హోటలు కూరల్లో కారం వెతుక్కోవాలి. ఎవరైనా వస్తుంటే కాస్త గొడ్డుకారం పంపండి. సాయంత్రం గదికి వస్తే పలకరించే దిక్కు లేదు. మస్తాన్‌బీ జవాబుల కవరు వచ్చిన రోజే నాకు మనవాళ్లతో మాట్లాడినట్టుంటుంది.

ఆ కవర్ల సంగతే రాయాలి. కోపగించుకోవద్దు. నేను వచ్చేరోజు వాళ్ల నాన్న, రేకుల పని ఖాదర్ బాబాయి, బండిదాకా వచ్చి ఏమన్నాడో మీరూ విన్నారు. "ఈ ఒక్క ఏడే చూస్తా సాంబయ్యా. ఎనిమిదో తరగతి తప్పిందా, ఇంక బడి మాట ఎత్తబాకు." అందుకే నేను పాఠం రాసి పంపడం, ఆ పిల్ల పలక మీద చేయడం, కాగితాల కరువు గనుక మీరు దాన్ని చిన్న అక్షరాలతో కాగితం మీదికి ఎక్కించి పంపడం అని ఏర్పాటు చేసుకున్నాం. ఇప్పటికి మూడు కవర్లు వచ్చాయి. ఒక్క తప్పు లేదు. ఏడో ఎక్కం దగ్గర తడబడే పిల్లకు ఇదెలా సాధ్యం?

ముందు పిల్లనే అనుమానించాను, ఎవరి పుస్తకమో చూసి రాస్తున్నదని. తరువాత ఆ పిల్ల బడి హెడ్మాస్టరును అనుమానించాను. పోయినసారి ఒక లెక్క ఇచ్చాను. పొలంలో ముప్పాతిక జొన్న వేస్తే, అందులో పాతిక పురుగు తిన్నది, మొత్తం పొలంలో ఎంత పోయినట్టు? పదహారింట మూడు వంతులని భిన్నంలో రావాలి. "మూడు వీసాలు" అని వచ్చింది. పదహారో వంతును వీసమనే పాతలెక్క ఈ కాలం పిల్లలకు ఎవరు చెబుతున్నారు నాన్నగారూ, మీ వీధిబడిలో తప్ప?

అంతలో మిరపకాయల బేరానికి సుబ్బయ్య మామ ఇక్కడికి వచ్చాడు. మెల్లగా కదిపాను.

"ఏందిరా, పోలీసోడిలా ఆరా తీస్తన్నావ్? మీ నాయన ఆ పిల్లతో చానా అవస్త పడతన్నాడు. తప్పొస్తే తడిగుడ్డతో ఆయనే తుడిచి, ఆయనే రాస్తాడు. పట్నంలో అబ్బాయి చూస్తే నామర్దా అంట!"

దొంగ దొరికాడు గాని, పాదాలకు మొక్కవలసిన దొంగ.

తప్పు కనబడితేనే గదా, ఆ పిల్ల ఎక్కడ ఆగిందో ఇంత దూరాన నాకు తెలిసేది? నరసరావుపేట పరీక్ష హాలులో మీరు పక్కన కూర్చోరు. ఇందులో నాలుగు తెల్లకాగితాలు పెట్టాను. ఆమె చేతనే సిరాతో రాయించండి, కొట్టివేతలు అలాగే ఉండనివ్వండి. మీరు ఊరుకుంటారన్న నమ్మకం లేక ప్రతి కాగితం మూలన నా పొడి అక్షరాలు వేశాను. వేరే కాగితం వస్తే తెలిసిపోతుంది.

అమ్మకు, పెద్దమ్మకు నా నమస్కారాలు. ఖాదర్ బాబాయికి ఈ సంగతి చెప్పకండి.

ఇన్నేళ్లూ మీకు చెప్పని మాట ఒకటుంది. నా పలక కూడా మీరు ఇలాగే దిద్దేవారు. ఇంట్లో అన్నీ ఒప్పులే, పరీక్షలో తప్పాను. మీరు బాధపడతారని ఆ రోజు జ్వరం వచ్చిందని అబద్ధమాడాను. నేను మరుసటి ఏడు మళ్లీ పరీక్షకు కూర్చున్నాను. మస్తాన్‌బీని కూర్చోనివ్వరు.

మీ ఆశీస్సులు కోరే కొడుకు,
సాంబశివం