మంగ పొదుగు

హారికా,

నువ్వు పుట్టింటి నుంచి వచ్చేసరికి నేను పర్చూరు బస్సులో ఉంటాను. మా అక్క కూతురి ఓణీల ఫంక్షన్. మన గేదె మంగకి పొదుగు వాచింది. కుడివైపు వెనక చన్ను రాయిలా ఉంది, పాలు విరిగి గడ్డలుగా పడుతున్నాయి. డాక్టరుగారు ఇప్పుడే ఇంజెక్షన్ చేసి వెళ్ళారు, రేపు మళ్ళీ వస్తారు. సాయంత్రం ఆ చన్ను ఆఖర్న పితుకు. లోపల చుక్క కూడా మిగలకూడదట. ఆ పాలు దూరంగా పారబొయ్యి, దూడని తాగనివ్వకు. డాక్టరుగారు సరే అనేదాకా మిగతా పాలు కూడా కేంద్రానికి పొయ్యొద్దు. తర్వాత చేతులు సబ్బుతో కడుక్కో.

దాన్ని దూడప్పటి నుంచి సాకింది నేను. ఈనినప్పుడు పక్కన కూర్చుంది నేను. నా మణికట్టు బెణికిందని నాలుగు రోజులు నువ్వు పితికావు, అంతే, ఇక నీకు తప్ప ఎవరికీ చేపదు, పాలు దించదు. "చిన్నకోడలి చెయ్యి మెత్తన" అని అత్తయ్య వీధంతా చెప్పుకొస్తోంది. నా చేతికేమన్నా ముళ్ళున్నాయా? నిన్న నువ్వు లేవని నన్ను తన్ని, బకెట్టు దొర్లించి, పాలన్నీ లోపలే బిగబట్టుకుంది. తెల్లారేసరికి ఈ వాపు.

తవుడు నానబెట్టాను. నీకు దోసకాయ పప్పు మూతపెట్టి ఉంచాను.

అక్క

ఇంకోటి. నువ్వు విడిచిన పసుపు చీర కోసం వెతుక్కోకు, ఉతికి పెరట్లో ఆరేశాను. పొద్దున అది కట్టుకుని, కొంగు ముసుగేసుకుని కూర్చుంటేగానీ మంగ చేపలేదు. అత్తయ్యకి చెప్పకు. నువ్వే అనుకుని నా చెయ్యి కూడా నాకింది.