బంతి వద్దన్నారు

ఆదివారం, రాత్రి

చిన్నదాని రిసెప్షన్‌కు బంతి భోజనాలా, బఫేనా అని వంట మేస్త్రీ అడిగాడు. ఈయన తడుముకోకుండా "బఫే" అన్నారు. పెద్దదాని పెళ్లప్పుడు "నిలబెట్టి తినిపించడం ఏం మర్యాద?" అని అందరి మీదా కేకలేసి, స్వయంగా నెయ్యి వడ్డించిన మనిషి.

కారణం నాకు తెలుసు. పెళ్లికొడుకు కోయవాళ్ల అబ్బాయి. బంతి వేస్తే వాళ్లూ మా చుట్టాలూ పక్కపక్కన కూర్చోవాలి.

బూర్గంపాడు అవతలి నుంచి వచ్చిన అబ్బాయి తల్లికీ తెలిసిపోయింది. "అవ్ అన్నా, గదే మంచిది. మేం పక్కన కూసుంటే మీ చుట్టాలకు ముద్ద దిగదు" అంది, నవ్వుతూనే. ఈయన ఫోన్ చూసుకున్నారు. నేను కాఫీ గ్లాసులు తీశాను.

రేపు మావాళ్ల ఇళ్లలో పెళ్లిళ్లకు నా కూతురూ వస్తుంది. దానికి ఎవరి పక్కన విస్తరి వేస్తారు?