మంగతాయారు దిగులుకి నాకంటే ఎక్కువ మార్కులు

బావా, ఎలా ఉన్నావు? నువ్వు పోయి మొన్నటికి పద్నాలుగు నెలలు. నేను బాగానే ఉన్నాను. తింటున్నాను, తిరుగుతున్నాను. ఆ మాట నిజమో కాదో తేలక ఊరంతా గొడవైంది. అందుకే ఈ ఉత్తరం.

నాకు రాత రాదుగా. నేను చెబుతుంటే మంగతాయారు రాస్తోంది. ఆయ్, ఆ మంగతాయారే... తుఫానులో ఒరిగిన కొబ్బరిచెట్లు నిలబెడతానని నువ్వు నలభై రోజులు వెళ్లిన దొడ్డి ఆవిడదే. మన మూడు చెట్లూ అప్పటికి ఒరిగే ఉన్నాయి. నువ్వు మరిచిపోయావేమో, నేను మరవలేదు. ఒక్క ముక్క మార్చనని ప్రమాణం చేశాకే ఆవిడకి కలం ఇచ్చాను.

జరిగింది చెబుతాను. వైజాగులో పెద్ద చదువు చదివే అమ్మాయి ఒకతి మన ఊరొచ్చింది. మనిషిని పోగొట్టుకున్నవాళ్ల దిగులు కొలుస్తుందట! దిగులేమైనా వడ్లా, కుంచంతో కొలవడానికి? నిద్ర పట్టడం లేదా, అన్నం సయించడం లేదా, కోపం వస్తోందా అని కాగితం చూసి అడిగింది. నాకేం, శుభ్రంగా ఉన్నానన్నాను. ఒకరి ముందు దేవురించే రకమా నేను?

మంగతాయారు మాత్రం అన్నిటికీ అవునంది. ఆవిడ మొగుడు పోయి ఇరవై ఏళ్లు. ఎవరి కోసమమ్మా ఈ దిగులు అంటే నీ పేరు చెప్పిందట! కూడితే ఆవిడదే ఎక్కువ తేలింది. తాళి నా మెడలో కట్టి, మార్కులు ఆవిడకా, బావా?

ఆ అమ్మాయిని నిలదీశాను. లోపల కంటికి కనబడని దిగులు ఒకటి ఉంటుందట. నిద్ర లేకపోవడం, ముద్ద దిగకపోవడం దాని గుర్తులట. గుర్తులు కూడితే లోపలిది ఎంతో తెలుస్తుందట. నువ్వు చెట్టెక్కేటప్పుడు అనేవాడివి చూడు, "ఆకు పసుపెక్కితే ఆకునెందుకు తిడతావే, వేరు కుళ్లిందేమో చూడు" అని... అదే లెక్క.

మరి నేను దాచిన ఆకుల మాటేమిటి?

అప్పుడు ఇంకో పద్ధతి ఉందంది. నెల రోజులు రోజూ వచ్చి మా ఇద్దరినీ అడిగింది. ఈసారి నేను అబద్ధమాడలేదు. ఈ పద్ధతిలో లోపల వేరంటూ ఉండనక్కర్లేదట. నిద్ర పట్టకపోతే అన్నం సయించదు, తినకపోతే కోపం, కోపంతో మళ్లీ నిద్ర రాదు. ఒకదాన్నొకటి లాక్కొస్తాయట. అదీ నీ మాటే: "కొమ్ము పురుగు కన్నం పెడతాది, ఆ కన్నంలో ముక్కు పురుగు దూరతాది. చెట్టుని చంపిందేదంటే ఏం చెబుతామే?"

రెండూ నువ్వే అన్నావు. ఏది నిజం? చెట్టు నడినెత్తిన చిగురు, ఆ మొవ్వు దాకా ఎక్కి చూస్తేగానీ తెలీదనేవాడివి. నా మొవ్వు దాకా ఎవరొస్తారు బావా?

మార్కులు చదవలేను గానీ బొమ్మ చదవగలను. అమ్మాయి ఒక్కో బాధకీ ఒక్కో సున్నా చుట్టి, ఏది ఏదో చెప్పి, మధ్యన గీతలు గీసింది. గట్టిగా లాగే చోట లావు గీత. నా గీతలన్నీ కోపం దగ్గరికే పోయాయి. ఎవరి మీదో చెప్పాలా? మంగతాయారు గొంతు వినబడిన రోజల్లా నాకు ముద్ద దిగలేదు.

ఆ కాగితం పట్టుకుని మంగతాయారు గుమ్మంలోకెళ్లి, నీ బొమ్మా బయటికి తియ్యమన్నాను. తీసింది. నడుమ ఉన్నది కోపం కాదు. ఇదేం సున్నా అంటే తలొంచుకుంది... ఎవరితోనూ చెప్పుకోలేకపోవడమట.

నన్ను పలకరించడానికి రాజోలు నుంచి కూడా వచ్చేరు. ఆవిడనెవరు పలకరిస్తారు? ఏమని?

జాలి పడ్డాననుకోకు. ఆ నలభై రోజులు ఇప్పటికీ మండుతూనే ఉన్నాయి. నేనొచ్చాక అడుగుతాను, జవాబు సిద్ధం చేసుకో.

ఇక్కడ నా వేలిముద్ర వేస్తున్నాను. కింద సగం కాగితం ఖాళీ. తను నీకేం చెప్పుకోవాలో రాసుకోమని కలం ఆవిడ దగ్గరే వదిలేసి లేస్తున్నాను. ఎలాగూ నేను చదవలేనుగా... ఏం రాసిందో నువ్వూ నాకు చెప్పకు.

నీ పెళ్లాం, ఒక్కర్తే పెళ్లాం,
సూరమ్మ